నలభై ఎనిమిదో పేజీ చివరి మాట

మా నాన్నకి లోకంలో ఉన్న విషయాలన్నీ తెలుసు. కాకపోతే ముప్ఫై మూడో పేజీ నుంచి నలభై ఎనిమిదో పేజీ దాకానే తెలుసు.

ఇది వెటకారం కాదు. ఆయన పుస్తకాలు బైండింగ్ చేసే షాపులో పనిచేసేవాడు. అచ్చాఫీసు నుంచి పెద్ద పెద్ద కాగితాలు వస్తాయి. ఒక్కో కాగితం మీద పదహారు పేజీలుంటాయి. దాన్ని మడత మీద మడత పెట్టి, చెక్కబద్దతో గీసి అణిస్తే అది ఒక ఫారం. ఫారాలన్నీ వరసగా పేర్చి, కుట్టి, జిగురు రాసి, అట్ట వేస్తే పుస్తకం. ఆ షాపులో గోడవారగా ఆరు పీటలుండేవి. వచ్చేవన్నీ చిన్న పుస్తకాలే కాబట్టి ఆరు ఫారాలకి ఆరుగురు మనుషులు. మా నాన్నది మూడో పీట. ఇరవై ఏడేళ్ళు ఏ పుస్తకం వచ్చినా ఆయన చేతికి మూడో ఫారమే వచ్చేది. మడుస్తూ మడుస్తూ చదివేవాడు. వేల కాగితాలు మడవాలి కాబట్టి ఒక్కో వాక్యం వంద సార్లు కళ్ళముందు నుంచి పోయేది. అలా ఆయనకి అన్నీ కంఠతా వచ్చేశాయి.

డిటెక్టివ్ నవల అయితే, చచ్చిపోయిందెవరో తెలియదు, చంపిందెవరో తెలియదు. తోటమాలి మాత్రం ఏదో దాస్తున్నాడని తెలుసు. ప్రేమకథ అయితే ఇద్దరూ రైలు పెట్టెలో ఎదురెదురుగా కూర్చుని కిటికీలోంచి చూస్తుంటారు, అంతే. వైద్యం పుస్తకంలో జబ్బుల లక్షణాలు మూడో ఫారంలో వచ్చాయి, మందులు నాలుగో ఫారంలోకి పోయాయి. నాకు చిన్నప్పుడు దగ్గొస్తే నాన్న ఎనిమిది జబ్బుల పేర్లు చెప్పి అమ్మని హడలగొట్టేవాడు. "మరి మందేమిటండీ?" అని అమ్మ అడిగితే, "అది నా పీట కాదు" అనేవాడు. అమ్మ ఒంటికాలి మీద లేచేది.

"పుస్తకం మొత్తం తయారయ్యాక ఒకటి తెచ్చుకుని మొదటినుంచీ చదవొచ్చు కదా నాన్నా?" అని ఒకసారి అడిగాను.

"మధ్యలో ఉంటే హాయిగా ఉంటుందే" అన్నాడు. "మొదలెప్పుడో అయిపోయింది. చివర ఇంకా రాలేదు. రైలు పోతూ ఉంటుంది, మనం కిటికీ దగ్గర కూర్చుని ఉంటాం."

ఆయన మాటలు అలా ఉండేవి. నాకేమో చిరాకు. నేను ఏ పనైనా మొదలుపెట్టానంటే దాని అంతు చూసేదాకా నిద్రపట్టని మనిషిని. తండ్రీ కూతుళ్ళం ఇంత తేడాగా ఎలా పుట్టామో అని అమ్మ నవ్వేది.

నాన్నకి యాభై ఒకటో ఏడు వచ్చేసరికి చూపు అంచుల నుంచి తగ్గడం మొదలైంది. ముందు తలుపు గడపలకి భుజాలు తగిలేవి. తర్వాత పళ్ళెం పక్కన పెట్టిన గ్లాసు కనబడేది కాదు. ఎదురుగా ఉన్నది మాత్రం శుభ్రంగా కనిపించేది, కాగితపు గొట్టంలోంచి చూసినట్టు. ఆ గొట్టం ఏడాదిలోనో, ఏడాదిన్నరలోనో మూసుకుపోతుందని, ఆపరేషన్ లేదని, మందు లేదని కళ్ళ డాక్టరు చెప్పాడు. ఆ రోజు ఆసుపత్రి నుంచి వస్తూ దారంతా నాన్న ఆకాశం వంకే చూస్తూ నడిచాడు. నేను చేయి పట్టుకోబోతే మెల్లగా విడిపించుకున్నాడు.

"మేఘాలు బాగున్నాయి" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

బైండింగ్ షాపు యజమాని చెడ్డవాడు కాదు. కాని భయస్తుడు. నాన్నని పక్కకి పిలిచి, "నీ చేతులకి కళ్ళున్నాయి. మడత పెట్టడానికి నీకు చూపక్కర్లేదు, ఆ సంగతి నాకు తెలుసు. కాని రోజూ ఎవరో ఒకరు నిన్ను తెచ్చి దింపి, మళ్ళీ వచ్చి తీసుకెళ్ళే పరిస్థితి వస్తే నేను పెట్టుకోలేను. దారిలో ఏదైనా జరిగితే నా మెడకి చుట్టుకుంటుంది. నీ అంతట నువ్వు రాగలిగినన్నాళ్ళు మూడో పీట నీదే" అన్నాడు.

అదీ సంగతి. ఇంటినుంచి షాపుకి ముప్పావు గంట నడక. రెండు సందులు, ఒక వంతెన మెట్లు, ఒక నాలుగు రోడ్ల కూడలి. అమ్మ మోకాళ్ళు ఆవిడని మా మేడ మెట్లే దిగనిచ్చేవి కావు. ఇంట్లోనే కుట్టుమిషను మీద దిండు గలీబులు కుట్టేది. నేను బట్టల కొట్లో పని చేసేదాన్ని, పొద్దున పది నుంచి రాత్రి దాకా. సాయంత్రం ఆయన్ని తీసుకొచ్చే మనిషి లేడు. ఉన్నా ఆయన ఒప్పుకోడు. ఇంట్లో తిరగడానికైనా కర్ర కొనిస్తానంటే ఉలకలేదు, పలకలేదు. ఆ పీట పోతే నాన్న ఏమైపోతాడో మా ఇద్దరికీ తెలుసు. కిటికీ లేని రైలు పెట్టెలో కూర్చున్నట్టు ఇంట్లో కూర్చుంటాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కుక్కల పెంపకం గురించి ఒక పుస్తకం బైండింగుకి వచ్చింది.

మూడో ఫారం మొత్తం కుక్కల జాతులు. ఇది కాపలా కాస్తుంది, అది వేటాడుతుంది, ఇంకొకటి మంచులో మనుషుల్ని వెతుకుతుంది అని పేరు పేరునా రాశారు. నాన్న ఆ ఫారం ఒక కాగితం జేబులో పెట్టుకొచ్చి, దీపం కింద పరిచి మాకు చదివి వినిపించాడు. అప్పటికి ఒక్కో అక్షరం మీదా చూపు ఆనించి చదవాల్సి వచ్చేది. నలభై ఎనిమిదో పేజీలో లాబ్రడార్ గురించి ఉంది. నెమ్మదైనది, నమ్మకమైనది, తెలివైనది. చూపు లేనివారి ముందు నడిచి దారి చూపుతుంది. రోడ్లు దాటిస్తుంది. ఎన్నో దేశాల్లో ఈ జాతి కుక్కలే ఎందరికో కళ్ళు. ఇలా సాగి సాగి ఆ పేజీ "అయితే" అన్న మాట దగ్గర ఆగిపోయింది.

"అయితే?" అంది అమ్మ.

"అది నాలుగో ఫారం. మన పీట కాదు" అన్నాడు నాన్న, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ. "రేపు ఆదివారం వెళ్ళి ఒక లాబ్రడార్ని తెచ్చుకుందాం."

బస్టాండు వెనక సందులో కుక్కపిల్లల్ని అమ్మే మనిషి ఉండేవాడు. బుట్టల్లో పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. నాన్న వాటి ముందు కూర్చుని, అన్నింటినీ చేత్తో తడిమి, మధ్య బుట్టలో మధ్య పిల్లని పైకి తీశాడు. లేత గోధుమ రంగులో ఉంది.

"ఇది ఏ జాతి?"

అమ్మేవాడు, ఎండ పడకుండా నాన్న పెట్టుకున్న నల్లకళ్ళద్దాల వంక చూశాడు, జేబులోంచి తొంగిచూస్తున్న కాగితం మీది కుక్క బొమ్మ వంక చూశాడు. "లాబ్రడార్ సార్! అసలు సిసలు లాబ్రడార్. గుడ్డివాళ్ళకి... అదే, పెద్దవాళ్ళకి దారి చూపిస్తుంది కదా, ఆ జాతి" అన్నాడు.

"నేర్పించాలా?"

"పేరులోనే ఉంది కద్సార్. రక్తంలో ఉంటుంది."

వాడి నాలుకకి నరం లేదని నాకు అక్కడే అర్థమైంది. కాని నాన్న మొహంలో ఏనుగెక్కినంత సంబరం కనిపించింది. నోరు మూసుకున్నాను.

దానికి నాన్న "డ్రైవరు" అని పేరు పెట్టాడు. అమ్మ మాత్రం "మొద్దు" అనేది. నాలుగు నెలలు తిరిగేసరికి దాని చెవులు నిక్కపొడుచుకున్నాయి. ఆరు నెలలకి తోక వెనక్కి గుండ్రంగా చుట్టుకుంది. మూతి సన్నబడింది. మా సందులో చెత్తకుండీ దగ్గర పడుకునే కుక్కల్లో కలిపేస్తే మేమే పోల్చుకోలేం. "ఇది లాబ్రడార్ అయితే నేను మహారాణిని" అని అమ్మ పెదవి విరిచింది. "ఎదిగే వయసు కదా, మారుతుంది" అని నాన్న. ఏం మారుతుంది, ఆయన తలకాయ!

ఒకరోజు షాపు నుంచి ఆయన ఒక మెడపట్టీ చేసుకొచ్చాడు. పుస్తకాల వీపుకి అతికించే ఎర్ర తోలు ముక్కతో కుట్టింది. దాని మీద బంగారు రేకు పెట్టి, వేడి అచ్చులతో నొక్కి, పెద్ద పెద్ద అక్షరాలతో "లాబ్రడార్" అని వేశాడు. నిఘంటువు మీద పేరు వేసినంత శ్రద్ధగా వేశాడు. ఎండలో ఆ అక్షరాలు ధగధగమనేవి.

"అందరూ కుక్క పేరు వేయించుకుంటారు. మీరేమిటండీ, జాతి పేరు వేశారు?" అంది అమ్మ.

"వీపు మీద పేరు లేని పుస్తకాన్ని ఎవరూ తీసి చూడరు" అన్నాడు నాన్న. అప్పుడు ఆ మాటని నేను అంతగా పట్టించుకోలేదు.

ఇక ఆ ఏడాదంతా నాన్న ఆ కుక్కకి దారి నేర్పాడు. కాస్త చూపు మిగిలి ఉండగానే నేర్పాలని పట్టు. పొద్దునే షాపుకి వెళ్తూ, సాయంత్రం వస్తూ, సెలవురోజున ఊరికే కూడా, డ్రైవరుని పక్కన పెట్టుకుని నడిచేవాడు. నడుస్తూ దానితో మాట్లాడేవాడు. ఒక్కోసారి నేనూ వెనక వెళ్ళేదాన్ని. ఆ మాటలు వింటూ నడిస్తే రోజూ చూసే సందే ఏదో కలలో సందులా అనిపించేది.

"ఇదిగో డ్రైవరూ, మన గేటు నుంచి మలుపు దాకా నూట పన్నెండు అడుగులు. ఇక్కడ కాలువ మీద రాతిపలక ఊగుతుంది, టక్కుమంటుంది, విన్నావా? టక్కుమంటే కుడివైపు తిరగాలి. ఇప్పుడు గోడ వచ్చింది. చేత్తో ముట్టుకో. పొద్దున ఎండ ఈ గోడకే ముందు పడుతుంది కాబట్టి వెచ్చగా ఉంటుంది. వెచ్చదనం ఎక్కడ అయిపోతే అక్కడ సందు అయిపోయినట్టు. ఇదిగో పిండిమర మోగుతోంది. ఆ మోత ఎడమ చెవిలోంచి కుడి చెవిలోకి వచ్చిందంటే వంతెన మెట్లు వచ్చేసినట్టు. పద్దెనిమిది మెట్లు. పదకొండో మెట్టు పగిలింది, మర్చిపోకు."

డ్రైవరు ఇవేవీ చెవిన పెట్టేది కాదు. దానికి దారి మొత్తంలో తెలిసిన చోటు ఒక్కటే, వంతెన దిగాక వచ్చే రొట్టెల కొట్టు. అక్కడికి రాగానే నాన్నని బరబరా లాక్కుపోయి కొట్టు ముందు కూలబడేది. రెండు బిస్కెట్లు వేస్తేగాని లేచేది కాదు. పిల్లిని చూస్తే పారిపోయేది. లారీ హారన్ వినబడితే నాన్న కాళ్ళ మధ్య దూరేది. "తెలివైన జాతి!" అని నేను పళ్ళు కొరికేదాన్ని. "కాస్త ఓపిక పట్టవే, అది చూస్తూనే ఉంది, అన్నీ లోపల పెట్టుకుంటోంది" అనేవాడు నాన్న.

తర్వాతి ఏడు వేసవి చివర్లో ఒక పొద్దున నాన్న నిద్రలేచి, కిటికీ దగ్గర నిలబడి, "ఇవాళ మబ్బు పట్టిందా?" అని అడిగాడు. ఎండ పెళ్ళున కాస్తోంది. అమ్మ మిషను ఆపేసింది.

"చీకటేం కాదు" అన్నాడు నాన్నే. "పాలు కలిపిన నీళ్ళలా ఉంది. బాగానే ఉంది." తర్వాత టైమెంతైందని అడిగి, చొక్కా వేసుకుని, డ్రైవరు మెడపట్టీకి పొట్టి తాడు తగిలించి మెట్లు దిగాడు.

అమ్మ నా చేయి గట్టిగా నొక్కింది. "దారి చూపే జాతేనంటావా అది?"

"పుస్తకంలో రాశారు కదమ్మా" అన్నాను. ఆవిడ మొహంలోకి కాస్త ధైర్యం వచ్చింది.

చెప్పులు చేత్తో పట్టుకుని, ఇరవై అడుగుల దూరంలో నేను ఆయన వెనకే వెళ్ళాను. గుండె గుప్పిట్లో పెట్టుకుని నడవడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. రాతిపలక టక్కుమంది. ఆయన కుడికి తిరిగాడు. గోడ మీద వేళ్ళు ఆనించి నడిచాడు. పద్దెనిమిది మెట్లు ఎక్కాడు, పదకొండోది తప్పించుకుని. రొట్టెల కొట్టు దగ్గర డ్రైవరు పక్కకి లాగింది. నాన్న ఆగి, తాడు దగ్గరికి తీసుకుని, "ఇప్పుడు కాదు నాయనా, సాయంత్రం" అని తల నిమిరి, దాన్ని దారిలో పెట్టాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నాలుగు రోడ్ల కూడలి దగ్గర నా పై ప్రాణాలు పైనే పోయాయి. బస్సులు, బండ్లు, ఒకదాన్నొకటి తరుముకుంటూ పోతున్నాయి. నాన్న అంచున నిలబడ్డాడు. డ్రైవరు భయంతో ఆయన మోకాలికి అతుక్కుపోయి నిలబడింది. దూరం నుంచి చూస్తే బుద్ధిగా నిలబడినట్టే ఉంది. అప్పుడు ట్రాఫిక్ పోలీసు అటు చూశాడు. నల్లకళ్ళద్దాల మనిషి, పక్కన కుక్క, దాని మెడలో ఎండకి మెరుస్తున్న బంగారు అక్షరాలు. అతను ఆ పేరు చదివాడు. పెదవులు కదలడం నాకు కనిపించింది. వెంటనే రెండు చేతులూ చాపి నాలుగు వైపులా బండ్లు ఆపేశాడు. ఒక బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు, ఒక్కరు కూడా హారన్ కొట్టలేదు. ఆ నిశ్శబ్దంలో మా నాన్నా, ఆయన డ్రైవరూ నీళ్ళలో తేలుతున్నట్టు రోడ్డు దాటారు.

"లాబ్రడార్ అట. వాటికి సిగ్నలు కూడా తెలుస్తుంది" అని నా పక్కనున్నాయన ఎవరితోనో అన్నాడు.

నాన్న క్షేమంగా లోపలికి వెళ్ళాడని చూసుకుని, ఊపిరి పీల్చుకుంటూ షాపు గుమ్మంలో నిలబడ్డాను. పక్కనే అల్మరాలో తయారైన పుస్తకాల నమూనాలున్నాయి. కుక్కల పుస్తకం కూడా ఉంది. అంతు చూడందే ఊరుకోని బుద్ధి నాది. తీసి నలభై తొమ్మిదో పేజీ తెరిచాను.

"అయితే ఏ కుక్కా ఈ విద్య పుట్టుకతో నేర్చుకుని రాదు. తెలిసిన గురువుల దగ్గర నెలల తరబడి శిక్షణ కావాలి. యజమానికి కూడా కావాలి. ఇద్దరూ కలిసి అదే దారిలో పదే పదే నడవాలి. కేవలం జాతి పేరు నమ్మి, శిక్షణ లేని కుక్కతో చూపు లేనివారు రోడ్డు మీదికి రావడం ప్రాణానికే ప్రమాదం."

పుస్తకం మూసేశాను. ఇది అమ్మకి తెలిస్తే నాన్నని గడప దాటనివ్వదు. షాపు యజమానికి తెలిస్తే పీట పోతుంది. నాన్నకే తెలిస్తే? తాడు చివర ఉన్నది దారి తెలిసిన కుక్క అన్న నమ్మకంతోనే కదా ఆయన అడుగు వేస్తున్నాడు! ఆ నమ్మకం పోతే పద్దెనిమిది మెట్లలో ఏ మెట్టు దగ్గర తడబడతాడో. ఆ పుస్తకాన్ని సంచిలో వేసుకుని తెచ్చి, నా పెట్టె అడుగున చీరల కింద దాచేశాను. నా జన్మలో చేసిన దొంగతనం అదొక్కటే.

ఆ తర్వాత పదకొండేళ్ళు గడిచాయి. ఇంత మాట ఒక్క ముక్కలో చెప్పేస్తున్నాను గాని, నాకు తల ప్రాణం తోకకొచ్చింది. మొదటి నెలంతా రోజూ వెనకే వెళ్ళాను. తర్వాత వారానికి రెండు సార్లు. వర్షం పడితే తప్పకుండా. బట్టల కొట్లో గుడ్డ కొలుస్తుంటే సాయంత్రం ఐదవగానే చేతులు ఆగిపోయేవి. ఇప్పుడు కూడలి దగ్గర ఉంటాడు, ఇప్పుడు మెట్ల దగ్గర, ఇప్పుడు గోడ దగ్గర. రోడ్డు మీద ఎక్కడ బ్రేకు కీచుమన్నా నాలోపల ఆ పేజీ తెరుచుకునేది.

ఊరు మాత్రం డ్రైవరుని నెత్తిన పెట్టుకుంది. దాని నిక్కపొడుచుకున్న చెవులు ఎవరికీ కనబడలేదు, చుట్ట తోక కనబడలేదు. పట్టీ చదివేవాళ్ళు, దారిచ్చేవాళ్ళు. అది రొట్టెల కొట్టు వైపు లాగితే, "అక్కడ గొయ్యి ఉండి ఉంటుంది, పక్కకి తప్పిస్తోంది" అనేవాళ్ళు. లారీ హారన్‌కి భయపడి కూర్చుండిపోతే, "చూశావా, ప్రమాదం పసిగట్టింది" అనేవాళ్ళు. నిద్రపోతే, ఆలోచిస్తోంది అనేవాళ్ళు. తమ ఇంటికి లాబ్రడార్ తెచ్చుకుని, అది సోఫాలు కొరుకుతుంటే, మా నాన్న దగ్గరికి వచ్చి "మీది ఇంత బుద్ధిగా ఎలా ఉంటుంది?" అని సలహా అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. నాన్న గంభీరంగా తల ఊపి, "పుట్టుక" అనేవాడు.

టీకాలకి తీసుకెళ్తే పశువుల డాక్టరమ్మ దాన్ని బల్ల మీద నిలబెట్టి, అటూ ఇటూ తిప్పి, కార్డు మీద జాతి అని ఉన్నచోట కలం ఆపింది. "ఇది లాబ్రడార్ అని ఎవరన్నారు?"

నాన్న బయట బెంచీ మీద ఉన్నాడు. "డాక్టర్ గారూ, మీకు దణ్ణం పెడతాను, కాస్త మెల్లిగా" అన్నాను. విషయమంతా చెప్పాను. ఆవిడ గుమ్మంలోంచి నాన్నని కాసేపు చూసింది. తర్వాత ఇంకేమీ అడక్కుండా కార్డులో "లాబ్రడార్" అని రాసి సంతకం పెట్టింది.

డ్రైవరుకి పన్నెండేళ్ళు నిండాక ఒకరోజు చెవిలో పుండు చూపించడానికి ఆవిడ దగ్గరికే తీసుకెళ్ళాను. ఈసారి నాన్న రాలేదు. ఆవిడ దాని కళ్ళలో లైటు వేసి చూసింది. చెయ్యి ఆడించింది. మళ్ళీ ఆడించింది.

"దీనికి చూపు లేదమ్మా" అంది. "రెండు కళ్ళూ పోయాయి. ఏడాది అయి ఉంటుంది."

ఏడాదిగా గుడ్డి కుక్క మా నాన్నని రోడ్డు దాటిస్తోంది. ఆ కూడలి! ఆ మెట్లు! నా వల్లే. నేను దాచిన పుస్తకం వల్లే. ఏదైనా జరిగి ఉంటే ఆ పాపం ఎవరికి చుట్టుకునేది?

ఇంటికొచ్చేసరికి నాన్న కిటికీ దగ్గర కూర్చుని చెయ్యి ఎండలో పెట్టుకుని ఉన్నాడు. ఆదివారం మధ్యాహ్నం. అమ్మ లోపల నిద్రపోతోంది. పెట్టె తెరిచి, చీరల కింద నుంచి పుస్తకం తీసి, ఆయన ముందు నేల మీద కూర్చున్నాను.

"నాన్నా, నీకొకటి చదివి వినిపించాలి. పదకొండేళ్ళ కిందట చదవాల్సింది." పేజీ తెరిచాను. "కుక్కల పుస్తకం. నలభై తొమ్మిదో పేజీ."

నేను చదివాను. "అయితే ఏ కుక్కా ఈ విద్య పుట్టుకతో నేర్చుకుని రాదు" దగ్గర మొదలుపెట్టి "ప్రాణానికే ప్రమాదం" దాకా చదివి ఆగాను. ఆ వెనకే డాక్టరమ్మ చెప్పిందీ చెప్పేశాను. డ్రైవరు వచ్చి ఆయన పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంది.

"'యజమానికి కూడా కావాలి' అన్న ముక్క తర్వాత ఇంకో వాక్యం ఉండాలే. వదిలేశావా?" అన్నాడు నాన్న.

చూశాను. నిజమే, 'ఇద్దరూ కలిసి అదే దారిలో పదే పదే నడవాలి' అన్న వాక్యాన్ని కంగారులో మింగేశాను.

"నీకెలా తెలుసు?"

"నాలుగో పీట అక్క చదివి వినిపించింది. ఆ పుస్తకం వచ్చిన రోజే. కుక్కని కొనక ముందే."

"మరెందుకు కొన్నావు?"

"నేను కర్ర పట్టుకుని ఒక్కణ్ణీ బయల్దేరితే మీ అమ్మ పంపేదా? నువ్వు పంపేదానివా? షాపు యజమాని ఒప్పుకునేవాడా?" అన్నాడు, డ్రైవరు వీపు మీద చెయ్యి వేసి. "దీనికి ఏం వచ్చో నాకు అక్కర్లేదే అమ్మా. ఆ పేరు చూసి జనం దీనికి ఏం వచ్చనుకుంటారో, నాకది కావాలి. పోలీసు బండ్లు ఆపింది దీన్ని చూసి కాదు, పేరు చూసి. అందుకే అంత పెద్ద అక్షరాలు వేశాను."

"మరి ఏడాదంతా దానికి దారి నేర్పావు కదా?"

"దానికా?" అని నవ్వాడు. "యాభై ఏళ్ళు దాటినవాణ్ణి. సందులో అడుగులు లెక్కపెట్టుకుంటూ, గోడలు తడుముకుంటూ నేర్చుకుంటుంటే నలుగురూ చూస్తారని సిగ్గు. కుక్కకి నేర్పుతున్నానంటే ఎవరికీ ఏమీ అనిపించదు. నాకూ అనిపించలేదు."

ఒళ్ళు మండిపోయింది. "పదకొండేళ్ళు నాన్నా! పదకొండేళ్ళు నేను కంటినిండా నిద్రపోలేదు. దొంగలా నీ వెనక తిరిగాను. ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"నాకు తెలుసని చెబితే నీకు పూర్తిగా భయం వేసేది. అప్పుడు పక్కనే నడిచేదానివి. వెనక నడిచినంత కాలం నేను ఒంటరిగా వెళ్తున్నట్టే లెక్క." ఆయన మొహం నా వైపు తిప్పాడు. "నీ చెప్పుల చప్పుడు వినిపించేది కాదు. సంచిలో తాళాల గుత్తి వినిపించేది. అది వినిపించిన రోజున ఇంకాస్త నిటారుగా నడిచేవాణ్ణి."

నేను ఆయన మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చేశాను. కోపమో, సంతోషమో, పదకొండేళ్ళ బరువు దిగిపోయిన తేలికో, ఏదో తెలియదు. పుస్తకం నా ఒళ్ళోంచి జారి కిందపడింది. నాన్న వేళ్ళతో వెతికి తీసి, వీపు తడిమి, కుట్టు గట్టిగానే ఉందని చూసుకున్నాడు.

"రేపటినుంచి దీన్ని ఇంట్లో ఉంచేస్తావా?" అని అడిగాను.

"ఎందుకు? దానికి ఆ దారి అంటే ఇష్టం. పైగా రొట్టెల కొట్టతను ఎదురుచూస్తుంటాడు."

మర్నాడు నేను కొట్టుకి ఆలస్యంగా వస్తానని చెప్పి, ఇరవై అడుగుల వెనక నడిచాను. ఈసారి చెప్పులు వేసుకునే నడిచాను, తాళాలు చేతిలో పట్టుకుని. ముందు నాన్న గొంతు వినిపిస్తోంది. "పలక వచ్చింది డ్రైవరూ, టక్కుమంటుంది, భయపడకు. ఇదిగో గోడ. ఎండ తగులుతోందా? ఇప్పుడు మెట్లు. ఒకటి. రెండు." పదకొండో మెట్టు దగ్గర ఆయన ఆగి, వంగి, దాని పొట్ట కింద చెయ్యి వేసి ఎత్తి పన్నెండో మెట్టు మీద పెట్టాడు. ఏడాదిగా ఇలాగే జరుగుతోందన్నమాట. నేను ఎన్నిసార్లో చూశాను. దానికి కీళ్ళ నొప్పులనుకున్నాను.

కూడలిలో ఇద్దరూ అంచున నిలబడ్డారు. పట్టీ మీద బంగారం సగం రాలిపోయింది, అయినా అక్షరాలు చదవడానికి వస్తున్నాయి. పోలీసు మారాడు. ఇతను కుర్రాడు. అతనూ పట్టీ చదివాడు, అతనూ చేతులు చాపాడు. బండ్లన్నీ ఆగాయి. తెల్లబడిన కళ్ళతో కుక్కా, నల్లకళ్ళద్దాలతో నాన్నా, ఒకరి పక్కకి ఒకరు ఒరిగి, తొందర లేకుండా రోడ్డు దాటుతున్నారు.

నా పక్కన బస్సు కోసం నిలబడిన పెద్దావిడ కళ్ళు ఒత్తుకుంది. "చూడమ్మా, నోరు లేని జీవి. ఆయన్ని ఎంత జాగ్రత్తగా తీసుకెళ్తోందో! ఏ జాతో మరి?"

"లాబ్రడార్ అండీ" అన్నాను. "వాటికి పుట్టుకతోనే వచ్చు."